అనుమతి లేని ఆరోగ్యం

పదో తరగతి జవాబు పత్రాలు దిద్దే క్యాంపు ఆ ఏడాది జిల్లా కేంద్రంలోని బాలికల పాఠశాలలో పెట్టారు. రెండు వందల మంది ఉపాధ్యాయులు పన్నెండు రోజులు అక్కడ కూర్చుని దిద్దాలి. కూర్చోవడానికి పెద్ద బల్లలు లేవు. ఫిబ్రవరిలో ఏదో ప్రదర్శనకు వేదిక కట్టడానికని వాటిని పట్టుకెళ్ళినవాళ్ళు వేదికైతే విప్పారు గాని బల్లలు తిరిగివ్వలేదు. మిగిలినవల్లా రెండో తరగతి పిల్లల బెంచీలు. క్యాంపు ఆఫీసరు త్రివిక్రమరావుగారు వాటిని ఒకసారి చూసి, "ఆసనములు, వ్రాతబల్లలు పూర్తిస్థాయిలో కలవు" అని పైకి నివేదిక పంపారు. అందులో అబద్ధమేమీ లేదు. ఎత్తు గురించి పైవాళ్ళు అడగలేదు.

కాబట్టి రెండు వందల మంది పెద్దవాళ్ళు, అందులో యాభై దాటినవాళ్ళే సగం, మోకాళ్ళు గడ్డాలకి తగిలేలా ముడుచుకుని, తలలు ఒళ్ళోకి వంచుకుని దిద్దడం మొదలుపెట్టారు.

గొర్లె అమ్మాజీ టీచరు అక్కడ స్పెషల్ అసిస్టెంటు. దిద్దినవాళ్ళు వేసిన మార్కులు పేజీ పేజీకీ కూడి, మొత్తం సరిపోయిందో లేదో చూడడం ఆమె పని. దిద్దేవాళ్ళైతే మధ్యమధ్య తలెత్తుతారు. పిల్లలు రాసినదానికి నవ్వుకుంటారు, పక్కవాళ్ళకి చదివి వినిపిస్తారు, కాసేపు లోకం పాడైపోయిందని మాట్లాడుకుంటారు. కూడికలు చేసేవాళ్ళకి ఆ సుఖం లేదు. పొద్దున్న తొమ్మిదికి వంచిన తల భోజనానికి ఎత్తితే, మళ్ళీ ఐదింటికే.

నాలుగో రోజు పదకొండు గంటలప్పుడు ఆమెకి ఎడమ రొమ్ములో నొప్పి మొదలైంది. ఎవరో లోపల్నుంచి బొటనవేలితో నొక్కుతున్నట్టుంది. అది భుజంలోకి పాకింది, అక్కణ్ణుంచి చేతిలోకి దిగింది, మధ్యవేలు తిమ్మిరెక్కింది. భయానికి చెమటలు పట్టాయి. చేతిలోని కట్ట కింద పడిపోయింది.

"గుండే!" అని పక్క బెంచీ నుంచి కూర్మారావు మాస్టారు కేక పెట్టారు. ఆయన లెక్కల మాస్టారు. ఏ విషయంలోనూ సందేహం ఉంచుకోరు.

కిందటేడు వేరే జిల్లాలో ఒక మాస్టారు క్యాంపులోనే కుప్పకూలిపోయారు. పాపం, ఆయనకి నిజంగానే గుండె. అప్పట్నుంచి శాఖ మేలుకుంది. మేలుకుని మూడు నిబంధనలు చేసింది. క్యాంపులో ఎవరికి ఛాతీ నొప్పి వచ్చినా అరగంటలో వారి పేరు హృదయ రిజిస్టరులో ఎక్కాలి. పేరు ఎక్కినవారు ఆ తర్వాత ఆసుపత్రికి మూడు కిలోమీటర్ల లోపలే ఉద్యోగం చేయాలి. నేను హృద్రోగిని అని అంగీకార పత్రం మీద సంతకం పెడితేనే క్యాంపు ముగిశాక వారిని విడుదల చేయాలి. పేరు ఎక్కించడం ఎలాగో నాలుగు పేజీల్లో రాశారు. తీసేయడం గురించి రాయలేదు. గుండె బాగుపడుతుందని ఎవరూ ఊహించలేదు.

అమ్మాజీ టీచర్ని ఆసుపత్రికి ఆటో ఎక్కించే ముందే ఆమె పేరు రిజిస్టరులో ఎక్కింది.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు నసీమా అనే అమ్మాయి. గుండెకి చేయవలసిన పరీక్షలన్నీ వరసగా చేయించింది. ఈసీజీ బాగుంది. రక్తం పరీక్ష బాగుంది. సాయంత్రం దాకా ఉంచి మళ్ళీ చేయించింది, మళ్ళీ బాగుంది. మర్నాడు నడిచే యంత్రం మీద పరుగెత్తించింది, టీచరు హాయిగా పరుగెత్తింది. అప్పుడా అమ్మాయి వెనక్కి వచ్చి, టీచరు మెడని మెల్లగా వెనక్కి వాల్చి, ఎడమ పక్కకి ఒంచి, నడినెత్తి మీద కొంచెం నొక్కింది.

"అమ్మా! అదే నొప్పండీ! అచ్చం అదే!"

"ఇది గుండె కాదు టీచర్‌గారూ. మెడ ఎముకల మధ్య నరం నొక్కుకుపోతోంది. ఆ నరమే భుజానికీ, చేతికీ, ఛాతీ మీది కండకీ పోతుంది. అందుకని గుండె నొప్పిలాగే ఉంటుంది. మీరు భయపడి రావడమే మంచిదైంది. ఇలాంటిది మళ్ళీ ఎప్పుడొచ్చినా మెడేలే అనుకుని ఇంట్లో కూర్చోకండి, ముందు గుండె చూపించుకోవాలి. సరే గాని, రోజంతా ఎక్కడ కూర్చుంటున్నారు?"

"రెండో తరగతి పిల్లల బెంచీలోనండి."

డాక్టరమ్మాయి రాయడం ఆపి ఆమె కేసి చూసింది. తర్వాత చీటీ మీద ఇలా రాసింది: గుండె పూర్తిగా బాగుంది. మెడ సమస్య. మాత్రలు ఐదు రోజులు, మెడ వ్యాయామం. బల్ల ఎత్తు పెంచాలి.

ఆ చీటీ పట్టుకుని అమ్మాజీ టీచరు క్యాంపుకి తిరిగి వచ్చింది. దారిలో ఉండగానే ఫోను మోగింది. వెలగవలస నుంచి. వెలగవలస కొండ మీద ఊరు, బస్సు కొండ కిందే ఆగిపోతుంది. ఆ బడికి ఆమె ఒక్కతే టీచరు, పిల్లలు పంతొమ్మిది మంది. ఆమె క్యాంపులో ఉన్నన్నాళ్ళూ మధ్యాహ్నం భోజనం వండే పార్వతమ్మే బడి తలుపు తీసి, అన్నం వండుతూ, పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తోంది.

"టీచరమ్మా, నాను, పార్వతమ్మని. నీకు గుండాగిపోనాదని ఇక్కడ సెప్పుకుంటన్నారు. నిజవేటి?"

"ఆగిపోతే నీతో ఎలా మాట్లాడతానే? బాగానే ఉన్నాను. పిల్లలెలా ఉన్నారు?"

"బాగున్నారు. పన్నెండో ఎక్కం దాకా లాగీసినానమ్మా. అవతల నాకు రాదు. నువ్వెప్పుడొస్తావు?"

"వచ్చేస్తాను. అంతవరకు మొదట్నుంచీ మళ్ళీ చెప్పించు."

వెలగవలసకి ఆసుపత్రి ఇరవై రెండు కిలోమీటర్లు. ఆమె పేరు ఆ రిజిస్టరులో ఉండిపోతే ఆమెని పట్నానికి మార్చేస్తారు. ఆ కొండ మీదికి ఇంకొకరు రారు. ఎవరూ రాకపోతే బడిని గెడ్డ అవతలి బడిలో కలిపేస్తారు. వానాకాలంలో ఆ వాగు పొంగితే పిల్లలు ఈవల, బడి ఆవల. ఇదంతా ఆలోచించుకునే ఆమె త్రివిక్రమరావుగారి బల్ల మీద చీటీ పెట్టింది.

ఆయన దాన్ని రెండుసార్లు చదివారు. వెనక్కి తిప్పి చూశారు.

"ఇదేమిటమ్మా?"

"నా గుండె బాగుందని రాసేరు సార్. రిజిస్టరులో నా పేరు కొట్టీండి."

"క్యాంపులో నమోదైన హృద్రోగి తనంతట తాను వెళ్ళి ఆరోగ్యం తెచ్చుకోవడానికి ముందస్తు అనుమతి తీసుకున్నారా?"

"మీరే కదా సార్ ఆసుపత్రికి పంపించేరు?"

"చికిత్స కోసం పంపించాం. ఆరోగ్యం కోసం కాదు. ఇది అనుమతి లేని ఆరోగ్యం. దీన్ని గుర్తించే అధికారం నాకు దఖలు పడలేదు." ఆయన చీటీని సొరుగులో పెట్టి తాళం వేశారు. "పోనీ ఈ మెడ అనేది జబ్బుల జాబితాలో ఉందేమో చూద్దాం." జాబితా తీశారు. మెదడు, గుండె, కాలేయం, మూత్రపిండాలు. వేలితో పై నుంచి కిందికి, కింది నుంచి పైకి వెతికారు. "మెదడు ఉంది, గుండె ఉంది. మధ్యలో ఏమీ లేదమ్మా. శాఖ దృష్టిలో మెడ లేదు. ఈ అంగీకార పత్రం మీద సంతకం పెట్టేయండి. పట్నంలో పోస్టింగు. అదృష్టవంతులు."

"లేని జబ్బుకి సంతకం ఎలా పెట్టీమంటారు సార్?"

"పెట్టకపోతే రిలీవింగ్ ఆర్డరు ఇవ్వలేను. క్యాంపు అయిపోయినా మీరు క్యాంపులోనే ఉంటారు. సాంకేతికంగా."

అమ్మాజీ టీచరు సంతకం పెట్టలేదు. గదిలోకి వెళ్ళి తన బెంచీ వైపు చూసింది. తర్వాత కట్టలు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. కిటికీ అరుగు ఆమె ఛాతీ ఎత్తున ఉంది. పత్రాలు దాని మీద పెట్టుకుని, తిన్నగా నిలబడి కూడికలు చేసింది. గంటైంది, రెండు గంటలైంది. నొప్పి రాలేదు. ఆమె సంతోషించేలోపల డిప్యూటీ ఆఫీసరు పరుగెత్తుకొచ్చారు.

"హృద్రోగి నిలబడి పని చేయడమా! ఎవరైనా చూస్తే మా మీదికి రాదూ? కూర్చోండమ్మా, కూర్చోండి. మీరే మొదటి కేసు. మీ మీద అందరి దృష్టీ ఉంది."

ఆమెని తీసుకొచ్చి మళ్ళీ బెంచీలో కుదేశారు. సాయంత్రానికి నొప్పి మళ్ళీ వచ్చింది. రిజిస్టరులో "రోగము తిరగబెట్టినది" అని రాసుకున్నారు.

ఆ సాయంత్రం టీ దగ్గర కూర్మారావు మాస్టారు ఆమె పక్కకి చేరారు.

"మేడమ్, ఒక్క మాట. నొప్పి ఎడం పక్క మొదలయ్యిందన్నారు కదా. భుజం దాకా వచ్చీసి ఆగిందా, వేళ్ళ దాకా వెళ్ళిందా?"

"వేళ్ళ దాకా. ఎందుకు మాస్టారూ?"

"ఊరికినే. తెలుసుకుంటే మంచిది కదేటి. ఏ వేలు?"

"మధ్యవేలు."

"ఒక్క మధ్యవేలేనా? ఉంగరం వేలు అస్సలు లేదా?" అని ఆయన జేబులోంచి మార్కుల చీటీ తీసి వెనక రాసుకున్నారు. "పట్నంలో పోస్టింగంటగా. మీరు పుణ్యం చేసుకున్నారు మేడమ్. నేను పదిహేనేళ్ళుగా బస్సు పైన కూర్చుని బడికి వెళ్తన్నాను. ఒక్క రోజైనా చిన్న నొప్పి రాలేదు."

మర్నాడు పదింటికి పదకొండు మందికి ఛాతీ నొప్పి వచ్చింది. అందరికీ ఎడం పక్కే. అందరికీ మధ్యవేలే. అందరూ లోపల్నుంచి బొటనవేలితో నొక్కుతున్నట్టుందని చెప్పారు. ఇద్దరు తొందరలో కుడి చెయ్యి చూపించి, కూర్మారావు మాస్టారు దగ్గితే ఎడమకి మార్చుకున్నారు. పదకొండు పేర్లూ రిజిస్టరులో ఎక్కాయి, పదకొండు సంతకాలూ పడ్డాయి.

ఒక్క క్యాంపులో పన్నెండు గుండెలంటే మాటలా? ఆ సాయంత్రమే రాజధాని నుంచి హృదయ పరిరక్షణ కమిటీ దిగింది. దానికి అధ్యక్షులు డాక్టర్ సోమయాజిగారు. ఆయన డాక్టరేటు ప్రాచీన శాసనాలలో విరామ చిహ్నాలు లేకపోవడం మీద. కమిటీ నిష్పాక్షికంగా ఉండాలని వైద్యుల్ని వేయలేదు.

కమిటీ గదులన్నీ తిరిగి చూసింది. అమ్మాజీ టీచరు లేచి నిలబడింది. ఆమె సాధారణంగా నలుగురిలో మాట్లాడే మనిషి కాదు.

"సార్, ఇది గుండె కాదండి, మెడండి. బెంచీలు బాగా కిందకున్నాయి. రెండేసి ఇటుకలు పెట్టి ఎత్తు చేయిస్తే నొప్పులు తగ్గిపోతాయండి."

సోమయాజిగారు కళ్ళజోడు తీసి జాలిగా చూశారు. "ఎవరీ అమ్మాయి?"

"మొదటి కేసండి," అన్నారు త్రివిక్రమరావుగారు.

"పాపం. అమ్మా, నువ్వు చెప్పేది జాగ్రత్తగా విను. హృద్రోగి ఏ క్షణంలోనైనా పడిపోవచ్చునా?"

"పడిపోవచ్చండి, కాని నేను..."

"పడేవాడు ఎత్తు నుంచి పడితే ఎక్కువ దెబ్బ తగులుతుందా, పల్లం నుంచి పడితే ఎక్కువ తగులుతుందా?"

"ఎత్తు నుంచేనండి."

"మరి పన్నెండు మంది హృద్రోగులున్న గదిలో బెంచీలు ఎత్తు చేయమంటావు!" ఆయన కమిటీ వైపు తిరిగారు. "దీన్నిబట్టి మనకు మార్గం దొరికింది. రాసుకోండి. పతన ప్రమాద నివారణార్థం ఆసనముల ఎత్తు ఆరు అంగుళములు తగ్గించవలెను."

ఏడో రోజు పొద్దున్న వడ్రంగి వచ్చి బెంచీల కాళ్ళు కోశాడు. ఎనిమిదో రోజు రిజిస్టరులో పేర్లు యాభై ఎనిమిదికి చేరాయి. మొదటి పదకొండు మందికీ జబ్బు పేరే గాని నొప్పి లేదు. ఈసారి వచ్చినవాళ్ళకి నొప్పి నిజమే, పేరు తప్పు. నిజంగా కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళున్నారు. ఒక హిందీ పండితులవారు ఇంటికి ఫోను చేసి భార్యకి అప్పగింతలు చెప్పుకున్నారు. అమ్మాజీ టీచరు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళింది. "ముందు ఆసుపత్రికెళ్ళి గుండె చూపించుకోండి. బాగుందంటే మెడ కూడా చూడమని అడగండి," అని చెప్పింది. కొందరు వెళ్ళారు. వాళ్ళు తెచ్చిన చీటీలతో త్రివిక్రమరావుగారి సొరుగు నిండింది.

కమిటీ మాత్రం గోడ మీద పటం గీసింది. అందులో బెంచీ గీత కిందికి దిగుతోంది, హృద్రోగుల గీత పైకి లేస్తోంది. సోమయాజిగారు ఆ రెండు గీతలకేసీ చాలాసేపు చూశారు. అమ్మాజీ టీచరు తలుపు దగ్గర నిలబడి, ఇప్పటికైనా ఆయనకి తెలిసిందేమోనని ఆశపడింది.

"అద్భుతం," అన్నారాయన. "బెంచీ తగ్గించేకొద్దీ దాగి ఉన్న గుండె జబ్బులు బయటపడుతున్నాయి. యంత్రాలు పట్టలేని జబ్బుని రంపం పట్టింది. ఇంకో ఆరు అంగుళాలు తీయించండి. ఒక్క రోగి కూడా మిగిలిపోకూడదు."

వడ్రంగి మళ్ళీ వచ్చాడు. "ఇంకా కొయ్యమంటారేటి బాబూ? ఇంకా కోస్తే ఇవి పీటలైపోతాయి."

"నువ్వు రంపం సంగతి చూసుకోవయ్యా. శాస్త్రం సంగతి కమిటీ చూసుకుంటుంది," అన్నారు త్రివిక్రమరావుగారు.

పదో రోజు సాయంత్రానికి బెంచీలు పీటలయ్యాయి, రోగులు నూట నలభై ఏడుగురయ్యారు. అందులో నూట నలభై ఆరుగురు సంతకాలు పెట్టారు. పెట్టనిది అమ్మాజీ టీచరొక్కతే. రోజూ పొద్దున్న త్రివిక్రమరావుగారు పత్రం చూపించడం, ఆమె తల అడ్డంగా ఊపడం, ఊపినందుకు మెడ కలుక్కుమనడం. పదకొండో రోజు పార్వతమ్మ మళ్ళీ ఫోను చేసింది. పిల్లలు తల్లుల్ని పంపి, టీచరు ఇక రాదట కదా అని అడిగిస్తున్నారట. గెడ్డ అవతలి బడి మేష్టరు వచ్చి హాజరు పట్టీ అడిగి వెళ్ళాడట.

"ఇచ్చీసేవా?" అంది అమ్మాజీ టీచరు.

"ఇవ్వనేదు. బియ్యం డబ్బాలో పెట్టి దాని మీద కూకున్నాను."

ఆ రాత్రంతా ఆమె సంతకం గురించే ఆలోచించింది. పెడితే బడి పోతుంది. పెట్టకపోతే ఇక్కణ్ణుంచి కదలనివ్వరు, అప్పుడూ బడి పోతుంది. ఎటు కూడినా మొత్తం ఒకటే వస్తోంది.

అదే సమయంలో పైవాళ్ళకి వేరే కూడిక తేలడం లేదు. ఆసుపత్రికి మూడు కిలోమీటర్ల లోపల ఉన్న ఖాళీలు తొమ్మిది. హృద్రోగులు నూట నలభై ఏడుగురు. నిబంధన తప్పని ఒప్పుకోవడం కుదరదు, దాని మీద మంత్రివర్గం సంతకాలున్నాయి. రోగులు లేరని అనడం కుదరదు, పటం అప్పటికే రాజధానికి వెళ్ళి మెప్పు పొందింది. సోమయాజిగారు తలుపు వేసుకుని మధ్యాహ్నం దాకా యోచించారు.

పన్నెండో రోజు మూడున్నరకి అందర్నీ పెద్ద గదిలో పీటల మీద కూర్చోబెట్టి త్రివిక్రమరావుగారు కొత్త ఉత్తర్వు చదివారు.

"హృద్రోగికి ఆసుపత్రి ఎంత అవసరమో, స్వచ్ఛమైన గాలి అంతకన్నా అవసరమని కమిటీ గ్రహించినది. పట్టణములలోని పొగ గుండెకు హానికరము. కావున హృదయ రిజిస్టరులో నమోదై, అంగీకార పత్రముపై సంతకము చేసిన వారందరినీ పర్వత ప్రాంత పాఠశాలలకు నియమించడమైనది. ఎక్కడికి బస్సు వెళ్ళదో అక్కడ పొగ ఉండదు గనుక, అట్టి పాఠశాలలకు ప్రాధాన్యత ఇవ్వడమైనది. ఇప్పటికే అట్టి చోట పనిచేయుచున్న వారిని అక్కడి నుండి కదల్చరాదు."

కూర్మారావు మాస్టారు పీట మీంచి లేచారు.

"సార్, నాది గుండె కాదండి."

"సంతకం పెట్టారు కదా మాస్టారూ. మధ్యవేలు కూడా చూపించారు."

"అది మెడండి! అమ్మాజీ మేడమ్ మొదట్నుంచీ చెప్తన్నారు కదా, మెడని! మేడమ్, మీరు చెప్పండి మేడమ్!"

"నాదీ మెడే సార్!" "నాకైతే మెడ కూడా కాదు సార్, గ్యాసు!" "సార్, నేనిప్పుడే మేడెక్కి దిగొచ్చాను, కావాలంటే మళ్ళీ ఎక్కుతాను!"

నూట నలభై ఆరుగురూ ఆయన బల్ల చుట్టూ మూగారు. తమ పత్రాలు తమకిచ్చేయమన్నారు. కొందరు సొరుగులోని చీటీల కోసం తాళం లాగారు. అంతదాకా కదలలేమన్నవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ అరుస్తుంటే, త్రివిక్రమరావుగారు కుర్చీ ఎక్కి నిలబడ్డారు.

అమ్మాజీ టీచరు గోడ పక్కన ఉత్తర్వు ప్రతి ఒకటి తీసుకుని, మొహానికి ఎదురుగా పట్టుకుని, చివరి వాక్యం మళ్ళీ చదువుకుంది. ఇంకోసారి చదువుకుంది. తర్వాత ఆ గుంపులోంచి మెల్లగా దారి చేసుకుంటూ బల్ల దగ్గరికి వచ్చింది.

"సార్, నా పత్రం ఎక్కడుంది?"

"మీరు కూడా మొదలుపెట్టారా? మీరసలు సంతకమే పెట్టలేదు కదమ్మా, వెనక్కి తీసుకోవడానికి!"

"వెనక్కి తీసుకోవడానికి కాదు సార్. పెట్టడానికి."

కుర్చీ మీద త్రివిక్రమరావుగారి కళ్ళు చెమ్మగిల్లాయి. ఆయన కిందికి దిగి, పత్రం తీసి, తన సొంత కలం మూత విప్పి ఇచ్చారు. 'నేను హృద్రోగినని మనస్ఫూర్తిగా అంగీకరించుచున్నాను' అన్న వాక్యం కింద ఆమె గొర్లె అమ్మాజీ అని గుండ్రంగా రాసింది. ఒక్క అక్షరం వణకలేదు. రిలీవింగ్ ఆర్డరు మడిచి సంచిలో పెట్టుకుని, నాలుగున్నర బస్సు అందుకోవడానికి గబగబా నడిచి వెళ్ళిపోయింది.

"చూశారా!" అన్నారు త్రివిక్రమరావుగారు గుంపు కేసి తిరిగి. "ఈ క్యాంపు మొత్తానికి నిజమైన హృద్రోగి ఆవిడొక్కతే."